నెగటివ్ వచ్చిన చేతులు

మా ల్యాబులో రక్తం తీసే కుర్చీలు రెండు. ఒకటి అక్కది, ఒకటి నాది. పొద్దున్నే పరగడుపున వచ్చినవాళ్లు నా కుర్చీ ఖాళీగా ఉన్నా సరే, అక్క కోసం గోడకు ఆనుకుని నిలబడేవారు. నాకు ఒళ్లు మండేది. అయినా వాళ్లనేం అనగలను? వేలితో నరం వెతికి, ఒక్కసారే గుచ్చి తీసే మనిషి ఆమె. ‘ఒక్కపోటక్క’ అని పేషెంట్లే పేరు పెట్టారు. నాకు సూది పట్టడం నేర్పింది కూడా ఆమే గనక, తోబుట్టువు కాకపోయినా నాకూ అక్కే.

అలాంటి మనిషి నిరుటి నుంచి అందరికంటే ముందే వచ్చి, వేడినీళ్ల మగ్గులో చేతులు ముంచుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. పొద్దున పూట పిడికిలి ముడుచుకునేది కాదు. రెండు చేతులకూ ఒకే చోట, వేళ్ల మొదళ్లలో కీళ్లు ఉబ్బాయి. పెద్ద సైజు గ్లవ్స్ అడిగి తెప్పించుకుంది. పేషెంట్ చేతికి రబ్బరు పట్టీ బిగించే పని నాకు అప్పజెప్పింది. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడేది. చూస్తుండగానే చిక్కిపోయింది. ఇంట్లో సీసా మూత తీసిపెట్టమంటే లారీ నడిపే వాళ్లాయన, రాణిగారి చేతులు అరిగిపోతాయి కాబోలు అని వేళాకోళం చేసేవాడట. ఆమె కూడా నవ్వేసి, నొప్పి మాత్ర మింగి డ్యూటీకి వచ్చేది.

డాక్టరుకి చూపించుకోమని నేను పోరు పెడితే ఒకటే జవాబు. ఇది రుమటాయిడ్ కీళ్లవాతం కాదు, తానే పరీక్ష చేసి చూసుకుంది. నిజమే. ఒక మధ్యాహ్నం తన రక్తం తానే తీసుకుని మిషన్లో పెట్టింది. నెగటివ్ వచ్చింది. ఇక అదే ఆమెకు వేదవాక్కు. రోజంతా రిపోర్టులు పంచేవాళ్లం కదా, మాకు కాగితం మీదున్న నమ్మకం కళ్లెదుట వాచిన వేళ్ల మీద ఉండదు.

ఒకరోజు పొద్దున్నే జ్వరంతో కాలిపోతున్న పసివాణ్ణి ఎత్తుకుని ఒక తల్లి వచ్చింది. రక్తం వెంటనే కావాలని పిల్లల డాక్టరు కబురు పంపారు. పసివాళ్ల నరం కంటికి ఆనదు, వేలికే తెలియాలి. అక్క ఆ చిన్న చెయ్యి పట్టుకుని చాలాసేపు తడిమింది. గుచ్చింది. రక్తం రాలేదు. చోటు మార్చి మళ్లీ గుచ్చింది. పిల్లాడు గుక్కపట్టాడు. తల్లి చూపు అక్క చేతుల మీద నుంచి కదలలేదు. అక్క మూడో సూది కవరు చింపబోయింది. చిరగలేదు. పళ్లతో చింపుదామని నోటి దాకా తీసుకెళ్లి ఆగిపోయింది.

“నువ్వు తీయి,” అంది నాతో. “నా వేలికి ఏమీ తెలియట్లేదు.”

తీశాను. ఎలా తీశానో దేవుడికే తెలియాలి. ఆ రక్తం లోపలికి పంపగానే అక్క రెక్క పట్టుకుని మేడ మీద కీళ్ల డాక్టరు దగ్గరికి ఈడ్చుకెళ్లాను.

ఆయన ఆమె వేళ్ల మొదళ్లను అడ్డంగా పట్టి మెల్లగా నొక్కారు. అక్క నొప్పికి కుర్చీలోంచి ఎగిరి లేచింది.

“నాకు నెగటివ్ వచ్చింది డాక్టరుగారూ,” అంది.

“కొంతమందికి అలాగే వస్తుందమ్మా. రక్తంలో కనపడకపోయినా జబ్బు కీళ్లలో ఉంటుంది.”

ఎక్స్‌రేలో ఎముకల అంచులు ఎలుక కొరికినట్టున్నాయి. ఒంటిని కాపాడాల్సిన శక్తే కీళ్ల లోపలి పొరను శత్రువనుకుని తినేస్తోందట. వదిలేస్తే గుండెకీ ఊపిరితిత్తులకీ కూడా చేటు తేవచ్చట. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకుంటాం? వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మాత్ర రాసి, రోజూ మింగితే ప్రాణం మీదికి వస్తుందని గట్టిగా హెచ్చరించారు. మళ్లీ సూది పట్టగలనా అని అక్క అడిగింది. పోయిన ఎముక తిరిగి రాదనీ, ఉన్నదాన్ని కాపాడుకుందామనీ అన్నారు. నిరుడే వచ్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదట. అక్క ఏడవలేదు. నేనే ఏడ్చాను.

ఇప్పుడు అక్క రిపోర్టులిచ్చే కౌంటర్లో కూర్చుంటోంది. మందు పనిచేస్తోంది, పొద్దున్నే పిడికిలి ముడుచుకుంటోంది. కానీ కుడిచేతి వేళ్లు రెండు వంకర తేలాయి. ఇక సూది పట్టలేనని ఆమెకు తెలుసు.

మొన్న బట్టలు కుట్టే ఆవిడ కీళ్లవాతం పరీక్ష రిపోర్టు అందుకుని, నెగటివ్ అని చూసి, బతికానురా దేవుడా అనుకుంటూ వెళ్లబోయింది. అక్క కౌంటరు మీదుగా ఆమె చెయ్యి అందుకుని వేళ్ల మొదళ్లు నొక్కింది. ఆవిడ పళ్లు బిగబట్టింది.

“పైకెళ్లి డాక్టరుకి ఈ చేతులు చూపించమ్మా, ఇప్పుడే,” అంది అక్క.

ఏమీ లేదని మీరే రాసిచ్చారు కదా అన్నట్టు ఆవిడ కాగితం ముందుకు చాపింది. అక్క దాన్ని పక్కకు జరిపి, తన వంకర వేళ్లు ఆమె కళ్ల ముందు పెట్టింది.

“నాకూ నెగటివే వచ్చింది.”