ఖాదర్ చాచా మీద పడ్డ నింద

2004 వేసవి. గద్వాలలో ఒక చిన్న కంప్యూటర్ల కంపెనీలో సర్వీస్ ఇంజనీరుగా చేస్తున్నాను. అదేదో పెద్ద ఉద్యోగమనుకునేరు! భుజానికి ఒక సంచి, సంచిలో స్క్రూడ్రైవర్లు, కేబుల్ చివర ప్లగ్గు బిగించే క్రింపింగ్ టూలు, నాలుగు సీడీలు. ఇవాళ వనపర్తి అయితే రేపు నాగర్‌కర్నూల్. బీచుపల్లి బ్రిడ్జి మీద కిటికీలోంచి కృష్ణ గాలి తగిలితే చాలు, కళ్లు మూతలు పడేవి. ఇప్పుడు చాలావరకు ఇంట్లో కూర్చునే ఏ ఊరి సర్వరైనా బాగుచేస్తున్నాను, ఎప్పుడో గానీ బస్సెక్కను. ఆ ప్రయాణాల మీద బెంగ మాత్రం పోలేదు.

వనపర్తిలో ఒక ట్రస్టు దవాఖాన కంప్యూటర్ల బాగోగులు మా చేతిలో ఉండేవి. ఎనిమిది కంప్యూటర్లు, ఒక సర్వరు. అన్నిటినీ ఒక డొమైన్ కింద పెట్టాను. డొమైన్ అంటే ఉమ్మడి కుటుంబమనుకోండి. ఎవరు లోపలికి రావాలో, ఎవరు ఏ గది తలుపు తీయాలో పెద్దమనిషిలా సర్వరే చెబుతుంది. ప్రతి ఉద్యోగికీ ఒక ఖాతా, ఒక పాస్‌వర్డ్.

ఓపీ చీట్లు రాసే ఖాదర్ చాచా యాభై అయిదో ఏట కంప్యూటర్ నేర్చుకున్నాడు. మొదట్లో ఒక్కో అక్షరం వెతికి వెతికి ఒత్తేవాడు. ఏడాది తిరిగేసరికి మనిషి మొహం చూసి, పేరు చెప్పకముందే ఫైలు తీసేవాడు. నేనెప్పుడు వెళ్లినా తన టిఫిన్ డబ్బాలో సగం నాకే. అంత మంచి శిష్యుడు నాకు మళ్లీ దొరకలేదు.

మే నెలాఖరున చాచా రిటైరయ్యాడు. శాలువా కప్పారు, లడ్డూలు పంచారు. నాలుగో రోజు పొద్దున దవాఖాన మేనేజర్ నుంచి ఫోన్.

"ఏం జేస్తున్నవ్ ఇంజనీరు? ఈడ మొత్తం బందయింది. పేషెంట్లు మొత్తుకుంటున్నరు. జల్ది రా!"

నేను చేరేసరికి పదకొండు. వరండా కిటకిటలాడుతోంది. చాచా స్థానంలో వచ్చిన సునీత తెల్లకాగితాల మీద పేర్లు రాసుకుంటోంది. మేనేజర్ నన్ను గదిలోకి లాక్కెళ్లి తలుపు దగ్గరకి వేశాడు.

"ఇది ఎవరి పనో నాకు ఎర్కే. ఇంకొక యేడాది ఉంచుమని ఖాదర్ సాబ్ అడిగిండు, నేను కాదన్న. నిన్న మల్ల వచ్చి ఆ కంప్యూటర్ ముంగట కూసున్నడంట. పోతపోత ఏదో జేసిండు. పిలిపించిన, బయట ఉన్నడు. నువ్వు చూసి చెప్పు, ట్రస్టోళ్లకు కాయితం రాస్త."

ఆ కాగితం ట్రస్టుకు చేరితే చాచా వనపర్తిలో తలెత్తుకుని తిరగలేడు. ముప్పై ఏళ్ల చాకిరీకి ద్రోహి అన్న పేరు మిగులుతుంది. నేను సర్వర్ గదికి పోతూ చూశాను. రోగులు కూర్చునే బెంచీ చివర ఒదిగి కూర్చున్నాడు. నమస్తే పెట్టినవాళ్ల వైపు కూడా చూడటం లేదు.

"అల్లా కసం బేటా, నేనేం జెయ్యలే. ఈ పిల్లకు పాత ఫైలు దొర్కుతలేదంటే తీసి చూపిన, అంతే. ముప్పై యేండ్లు చేసిన ఈడ. నన్ను గిట్ల బెంచీ మీద కూసోబెట్టిండ్రు."

సంచి భుజానికెత్తుకుని లోపలికి వెళ్లిపోయాను.

కేబుళ్లు బాగున్నాయి. అందరూ లాగిన్ అవుతున్నారు. రోగుల వివరాలుండే ప్రోగ్రాం ఒక్కటే తెరుచుకోవడం లేదు. పొద్దున చాలాసేపు కరెంటు పోయిందట, యూపీఎస్ కూడా చేతులెత్తేసింది, సర్వరు ఆగి మళ్లీ మొదలైంది. ఈవెంట్ వ్యూయర్ తెరిచాను. సర్వరు తన కష్టసుఖాలు రాసుకునే పుస్తకం అది. అందులో ఎర్ర గుర్తుతో ఒక వరుస. డేటాబేస్ సర్వీస్ మొదలు కాలేదు, కారణం లాగిన్‌కు అనుమతి లేదు, ఖాతా పేరు ఖాదర్.

సర్వీస్ అంటే ఎవరూ నొక్కకుండా వెనక దానంతటది నడిచే ప్రోగ్రాం. అదీ ఏదో ఒక ఖాతా పేరుతోనే సర్వర్‌లోకి రావాలి. దానికోసం వేరే ఖాతా తయారుచేయాలి. మూడేళ్ల కింద ఈ సర్వర్ పెట్టింది నేనే. ఆ సాయంత్రం గద్వాల బస్సుకు టైమవుతోంది. పక్కనే చాచా ఉన్నాడు, ఆయన ఖాతానే సర్వీసుకు ఇచ్చేద్దామనుకున్నాను. "చాచా, ఈడ జర మీ పాస్‌వర్డ్ కొట్టుండ్రి" అన్నాను. "నా పేరెందుకు బేటా?" అని అడిగాడు కూడా. "పేరుకే చాచా, మల్లొచ్చినప్పుడు మారుస్త" అన్నాను. తర్వాత ఎన్నిసార్లు వచ్చానో లెక్కలేదు. వచ్చాను, ఆయన డబ్బాలో తిన్నాను, మార్చలేదు.

ఉద్యోగం మానినవాళ్ల ఖాతా ఆ రోజే మూసేయాలని మేనేజరుకు నేర్పిందీ నేనే. ఆయన నేను చెప్పినట్టే, చాచా రిటైరైన రోజే ఆ ఖాతా మూసేశాడు. అప్పటికే నడుస్తున్న సర్వీస్ నడుస్తూనే ఉంది. సర్వరు ఒకసారి ఆగేసరికి గుట్టు బయటపడింది.

వేరే ఖాతా చేసి సర్వీసుకు ఇచ్చాను. పది నిమిషాల పని. "వచ్చింది సార్!" అని సునీత అరిచింది. మేనేజర్ నా వెనకే నిలబడ్డాడు.

"ఏమైండె? ఆయనేనా?"

'ఏదో సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం సార్' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంటే నా ఉద్యోగానికి ఢోకా లేదు. కానీ చాచా మీది అనుమానం అలాగే ఉండిపోతుంది. తెరిచిన తలుపులోంచి బెంచీ కనబడుతోంది.

"ఆయన కాదు సార్, నేను" అన్నాను. మొత్తం చెప్పాను.

"మరి మూడేండ్లసంది ఏం పీకినవయ్యా?" అన్నాడు. వరండాలోకి వచ్చి అందరూ వినేటట్టు అదే మాట మళ్లీ చెప్పాను. మేనేజర్‌ది కోపిష్ఠి స్వభావమే గానీ మనిషి మంచివాడు. చాచా ముందు నిలబడి, "తొందరపడ్డ సాబ్, మాఫ్ జెయ్యండ్రి. ఓ వారం వచ్చి ఈ పిల్లకు జర నేర్పుండ్రి" అన్నాడు.

చాచా "వస్త సార్" అన్నాడు. నా భుజం మీద చెయ్యి వేసి, "చెప్పినవ్ బేటా, గంతే చాలు" అని లేచి వెళ్లిపోయాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

మూడు రోజుల తర్వాత యూపీఎస్ బ్యాటరీ మార్చడానికి వెళ్లాను. సునీత కుర్చీలో ఉంది. చాచా వెనక నిలబడి, రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని చెబుతున్నాడు. "గా పైది కాదు బిడ్డా, దాని పక్కది. ఆఁ, గదే." ఆ పిల్ల తడుముకుంటోంది. చూడలేక, "చాచా, మీరే కూసోని ఒకసారి చూపియ్యరాదు" అన్నాను.

"వద్దు బేటా. నేను ముట్టుకోను" అన్నాడు.

మనిషి పేరు మీద మిషన్ పని నడపకూడదని, ఒక ఖాతా మూసేముందు దాని మీద ఏమేం ఆధారపడ్డాయో చూడాలని ఇప్పుడు నా దగ్గర నేర్చుకునేవాళ్లందరికీ మొదట చెబుతాను. అది ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. నాకు నేర్పింది మాత్రం ఆ కట్టుకున్న చేతులే. 'తర్వాత మారుస్త' అన్నమాట నోట్లోకి వచ్చినప్పుడల్లా అవి కళ్ల ముందుకొస్తాయి. సంచి కింద పెట్టి, బస్సు పోతే పోయిందని కూర్చుంటాను.