లాండ్రీ అక్క మొహం

లాండ్రీ అక్క కౌంటర్లో కూర్చుందంటే ఎవరూ అబద్ధం చెప్పి బయటపడలేరు. బట్ట చేతికివ్వగానే మూడు ప్రశ్నలు వేస్తుంది. ఏం పడింది? ఎప్పుడు పడింది? పడ్డాక మీరేం రుద్దారు? మొదటి రెండింటికీ జనం నిజమే చెబుతారు. మూడోదానికి మాత్రం ఎంతటి పెద్దమనిషైనా నీళ్ళు నములుతాడు.

"ఏమీ రుద్దలేదమ్మా, పడింది పడ్డట్టే తెచ్చాను."

అక్క చొక్కా ముక్కు దగ్గర పెట్టుకుని, "మీ ఇంట్లో పుదీనా టూత్‌పేస్టు వాడతారు కదండీ?" అనేది. ఆయన నవ్వేసి ఒప్పుకునేవాడు. అలా ఒప్పుకున్నాకే ఆమె సీసా మూత తీసేది. ముందు బట్ట లోపలి అంచు మీద ఒక చుక్క వేసి చూసి, రంగు కదలకపోతే అప్పుడు మరక జోలికి వెళ్ళేది.

పెద్ద ఓనరు ఉన్న రోజుల్లో బట్టలు మడతపెట్టడానికి చేరిన మనిషి. మరకల పని ఎవరూ నేర్పలేదు, చూసి నేర్చుకుంది. ఆయన పోయాక కొడుకు షాపు చూసుకుంటున్నాడు. ముందు భాగంలో గాజు తలుపు, కౌంటరు, ఫ్యాను, దానికింద అక్క స్టూలు. వెనక గదిలో బాయిలరు, ఆవిరి ఇస్త్రీ మిషను. ఆ గదికి కిటికీ లేదు. అక్కడ పనిచేసే ఇద్దరు మగవాళ్ళూ బనీన్లతోనే ఉండేవారు, గంటకోసారి బయటికొచ్చి మొహాలు కడుక్కునేవారు.

నలభై దాటాక అక్క మొహం మీద మచ్చలు మొదలయ్యాయి. ముందు రెండు చెంపల మీదా టీ ఒలికినట్టు పలచగా కనిపించాయి. తర్వాత నుదుటికి పాకాయి, పై పెదవి మీద గీతలా దిగాయి. అద్దంలో చూసుకుంది, అంతే. లిఫ్టులు బాగుచేసే ఆమె భర్తయితే అది కూడా చూడలేదు. ఆయన పైకీ కిందకీ చూసే మనిషే గానీ ఎదురుగా చూసే అలవాటు లేదు.

చూసింది తోడికోడలు.

"మంగు పట్టిందే నీకు! ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడిందట. లోకం మరకలన్నీ తీస్తావు, నీ మొహం మీదివి తీసుకోలేవా?" అని పగలబడి నవ్వింది.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. ఇక్కడ కొట్టడానికి అత్త లేదు, నవ్వడానికి మాత్రం తోడికోడలు పుష్కలంగా ఉంది. అయినా అక్క ఏడవలేదు. ఏడుపు వచ్చింది షాపులో, అదీ ఆ నెలాఖర్లో.

ఒక పొద్దున చిన్న ఓనరు కౌంటరు మీద లేని దుమ్ము తుడుస్తూ అన్నాడు. "అక్కా, కొన్నాళ్ళు వెనక గదిలో కూర్చుంటావా? మరకల పని అక్కడే చేసుకో. ముందు కౌంటరు నేను చూసుకుంటాను."

"ఎందుకు బాబూ?"

"ఏం లేదు. ఒక కస్టమరు అన్నాడు. తన మొహం మీద మచ్చ తీసుకోలేని మనిషి నా కోటు మీద మచ్చేం తీస్తుంది అని. నాకు బాధగానే ఉంది. మచ్చలు తగ్గగానే మళ్ళీ ముందుకే వద్దువుగాని."

ఏ కస్టమరని అడగాలనిపించింది. అడిగితే ఏడుపు బయటపడేలా ఉంది, అడగలేదు. ఇన్నేళ్ళూ ఆ స్టూలు మీద కూర్చుని ఊళ్ళో సగంమంది అబద్ధాలు పట్టుకున్న మనిషి, తన సీసాలు బుట్టలో సర్దుకుని వెనక్కి నడిచింది. సిగ్గుతో నడిచింది. ఎవరో తనని దొంగతనంలో పట్టుకున్నట్టు అనిపించింది.

వెనక గదిలో ఆమెకు పని ఉంది గానీ మాట లేదు. బట్టలు చీటీలతో వచ్చేవి. చీటీ మీద 'మరక' అని చిన్న ఓనరు రాత. ఏం మరకో, ఎప్పటిదో, ఏం రుద్దారో ఆయన అడగడు. అడిగినా జనం ఆయనకి చెప్పరు. అక్క వాసనతోనూ ఊహతోనూ పని నడిపించింది. ఒక కర్టెను రంగు వెలిసింది, ఒక కోటు మోచేయి దగ్గర బట్ట పలచబడింది. తన చేతిలో బట్ట పాడవడం ఆమెకు కొత్త.

మనసులో మాత్రం ఒకటే వెతుకులాట. ఆ మాట అన్నదెవరు? కోటు అన్నాడు కాబట్టి కోటు వేసుకునేవాడే అయ్యుండాలి. కోటు వేసుకునేవాళ్ళలో ఆమెతో ఎక్కువగా మాట్లాడేది కాలేజీ లెక్చరరు. నవ్వుతూ మాట్లాడేవాడు, ఆ నవ్వు వెనక ఇదా ఉన్నది? వీధిలో ఎదురైతే ఆయన చేయెత్తి పలకరించాడు. అక్క చూడనట్టు వెళ్ళిపోయింది. ఇంటికొచ్చాక, అంత మర్యాదస్తుడు అలా అనడేమో అనిపించింది. అనకపోతే మరెవరన్నారు? మళ్ళీ మొదటికొచ్చింది.

మచ్చలు తగ్గితే స్టూలు తిరిగొస్తుంది. కాబట్టి మచ్చలు తగ్గాలి. తోడికోడలే ఒక ట్యూబు తెచ్చిచ్చింది. "మా పక్కింటావిడ వాడింది. మొహం తళతళా మెరిసిపోతోంది. డాక్టరూ గీక్టరూ ఎందుకు, మందుల షాపులో అడిగితే వాడే ఇస్తాడు" అంది.

ఇక్కడ అక్క తన పనితనమంతా చూపించింది. మొహానికి పూసేముందు చెవి వెనక కొంచెం రాసి, మర్నాటిదాకా ఆగి చూసింది. బట్టయితే లోపలి అంచు, మనిషైతే చెవి వెనక. తర్వాత సన్నని కుంచె తీసుకుని మచ్చ ఎంతవరకు ఉందో అంతవరకే, అంచు దాటకుండా రాత్రిళ్ళు రాసింది. ఇంత పద్ధతిగా ఆ క్రీము రాసుకున్న మనిషి లోకంలో మరొకరు ఉండరు.

మచ్చలు నిజంగానే పలచబడ్డాయి. అక్క సంతోషం పట్టలేక చిన్న ఓనరుకి మొహం చూపించింది.

"బాగా తగ్గింది అక్కా. ఇంకో వారం చూద్దాం" అన్నాడాయన, మొహంకేసి చూడకుండానే.

వారాలు గడిచాయి. క్రీము నడుస్తోంది, బాయిలరూ నడుస్తోంది. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఆవిరి మిషను సరిగ్గా ఆమె బల్ల పక్కనే ఉంది. చెంపలు మండటం మొదలైంది. మధ్యాహ్నానికి మొహమంతా ఎర్రగా కందిపోయేది. మచ్చలు మునుపటికన్నా నల్లగా తిరిగొచ్చాయి, ఒక్కో మచ్చ చుట్టూ పాలిపోయిన గీత ఏర్పడింది. ఆ గీతను అక్క చూడగానే గుర్తుపట్టింది. మరక ఒక్కటే తడిపి చుట్టూ వదిలేస్తే బట్ట మీద సరిగ్గా ఇలాంటి గీతే మిగులుతుంది. అది పనిలో కొత్తగా చేరినవాళ్ళు చేసే తప్పు.

ఈసారి లిఫ్టుల మెకానిక్కు ఎదురుగా చూశాడు. చూసి, ఇంకేమీ మాట్లాడకుండా చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు.

"ఏం రాశారు?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఏమీ రాయలేదండీ."

డాక్టరమ్మ నవ్వలేదు. చెంప వెలుతురుకి తిప్పి, "ఏమీ రాయకుండా ఈ తెల్ల గీత రాదమ్మా" అంది. అక్కకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సంచిలోంచి ట్యూబు తీసి బల్లమీద పెట్టింది.

"ఇందులో స్టెరాయిడు ఉంది. మొహానికి ఇన్నాళ్ళు రాస్తే చర్మం పలచబడుతుంది. ఇక ముట్టుకోకండి. మానేశాక కొన్నాళ్ళు మంట ఎక్కువ కావచ్చు, భయపడకండి, దానికి మందిస్తాను. పొద్దున్నే సన్‌స్క్రీన్ రాసుకోవాలి, మబ్బు పట్టినా సరే. మళ్ళీ మధ్యాహ్నం ఒకసారి. ఇంతకీ ఏం పని చేస్తారు?"

"లాండ్రీలో. ఆవిరి ఇస్త్రీ గదిలో."

"ఎప్పట్నుంచి?"

"ఈ మచ్చలొచ్చాకే పంపించారు."

డాక్టరమ్మ రాయడం ఆపింది. "మంగు పైన పడ్డ మరక కాదమ్మా, మీ చర్మం లోపల తయారయ్యే రంగే. ఎండ తగిలితే పెరుగుతుంది. వేడికీ పెరుగుతుంది. మీరా గదిలో ఉన్నంతకాలం నేనేం రాసిచ్చినా లాభం లేదు. పూర్తిగా పోతుందని మాట ఇవ్వను. తగ్గుతుంది, నిదానంగా."

మాట ఇవ్వనన్నందుకే అక్కకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది.

మర్నాడు షాపు తెరవగానే చిన్న ఓనరు ఎదుట నిలబడింది. "బాబూ, నేనింక ఆ గదిలో కూర్చోను. వేడికే ఇవి పెరుగుతున్నాయట. ముందు కౌంటర్లోనే కూర్చుంటాను."

"మరి కస్టమర్లు..."

"ఆ మాటన్నాయన వస్తే నాకు చూపించండి. నేనే మాట్లాడుకుంటాను. ఆయన కోటు నేను తీసుకోను, అంతే కదా. ఎవరాయన?"

చిన్న ఓనరు గుడ్డ తీసుకుని మళ్ళీ కౌంటరు తుడవబోయాడు. అక్క ఆ గుడ్డ మీద చెయ్యి పెట్టింది.

"లెక్చరరుగారా?"

"ఛ, ఆయన కాదు."

"మరెవరు?"

ఆయన గాజు తలుపువైపు చూశాడు. బయట ఇంకా ఎవరూ లేరు. "ఎవరూ అనలేదు అక్కా" అన్నాడు చివరికి. "అంటారేమోనని నేనే అనుకున్నాను. నీకు నేరుగా చెప్పలేక..."

అక్కకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, వీధిలో లెక్చరరు ఎత్తిన చెయ్యి గుర్తొచ్చింది. కుంచె పట్టుకుని అద్దం ముందు కూర్చున్న రాత్రులు గుర్తొచ్చాయి. ఇంత కోపం తనలో ఉందని ఆమెకే తెలియదు. అరవాలనిపించింది. కానీ గొంతు మామూలుగానే వచ్చింది.

"మీరు అనుకున్నారు బాబూ. కాలింది నా మొహం."

వెనక గదిలో అప్పుడే బాయిలరు ముట్టించారు. అక్క లోపలికి వెళ్ళి తన సీసాల బుట్ట తెచ్చుకుంది, ఫ్యాను కింద స్టూలు వేసుకుని కూర్చుంది. చిన్న ఓనరు ఎటు వెళ్ళాలో తోచక ఆ వేడి గదిలోకి వెళ్ళిపోయాడు.