నీలం దారం వేసిన బట్టలు

మా వీధిలో అందరికీ ఆమె ఆవిరత్తే. ఇస్త్రీపెట్టె బట్టకు ఆనగానే బుస్సుమని ఆవిరి లేచి ఆమె ముఖం కనిపించకుండా పోతుంది. మాట మాత్రం ఆ ఆవిరిలోంచి వినిపిస్తూనే ఉంటుంది. పేరు పెట్టింది పిల్లలు. పెద్దవాళ్లం తర్వాత అందుకున్నాం.

మేముండే భవనంలో మెట్ల కింద రెండు గదులు ఆమె లాండ్రీ. ముందు గదిలో నడుమెత్తు బల్ల, దాని మీద మడతలు పెట్టిన దుప్పటి, పక్కనే ఒక గిన్నెలో నీళ్లు, తెల్లగుడ్డ. వెనక గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు తీగలు, ఒక పెద్ద ఫ్యాను, ఏడాదిలో కొన్ని నెలలు అసలు తెరవని కిటికీ. బయట అంత ఎండ కాస్తుంటే బట్టలు గదిలో ఆరేసుకునే మనిషిని చూసి నేను లోలోపల నవ్వుకునేదాన్ని. చదువుకున్నదాన్ని కదా.

నేను తాగునీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో పని చేస్తాను. తేడా కనబడితే కొలవడం, రాసుకోవడం, మళ్లీ కొలవడం, ఇదే నాకు వచ్చిన విద్య. మా పాపకు ఏడేళ్లు. నాలుగో ఏటి నుంచి, వీధి చివరి చెట్లు పూతకొచ్చే నెలల్లో దానికి తుమ్ములు మొదలవుతాయి. లేచిన అరగంటలో ఇరవై ఏడు. లెక్కపెట్టాను కాబట్టే చెబుతున్నాను. కళ్లు ఉబ్బిపోతాయి. అరచేత్తో ముక్కును పైకి రుద్దీ రుద్దీ, ముక్కు మీద అడ్డంగా ఒక గీతే పడిపోయింది. ఈ ఏడు వాటికి దగ్గు, పిల్లికూతలు తోడయ్యాయి.

డాక్టరమ్మ ముక్కులో కొట్టే స్ప్రే, రోజూ వేసే మాత్ర, పీల్చే మందు ఇచ్చారు. ఒక్క పూట మానలేదు. పగలు కొంచెం నయం, పొద్దున లేవగానే మళ్లీ అదే వరస.

"మందు పని చేస్తోందమ్మా," అన్నారు డాక్టరమ్మ. "కానీ పుప్పొడి పాపకి ఎక్కడో దగ్గరగా తగులుతోంది. ఎక్కడో మీరే పట్టుకోవాలి. ఓ డైరీ రాయండి."

నాకు ఆ మాట చాలు. ఏం తింది, ఎక్కడ ఆడింది, గాలి ఎటు నుంచి వీచింది, వాన పడిందా, కిటికీ ఎంత తెరిచాం, అన్నిటికీ గడులు గీసి నాలుగు రంగుల పెన్నులతో నింపాను. మా ఆయన తిరగేసి, "మన పెళ్లి గురించి కూడా ఇంత వివరంగా రాసి ఉండవు నువ్వు," అన్నాడు.

నవ్వాడే గాని అతనికీ మనసు మనసులో లేదు. మా అమ్మ ఉండేది సముద్రం ఒడ్డు ఊరు. అక్కడ ఈ చెట్లు లేవు. పోయినేడు ఇదే నెలలో అక్కడున్న ఎనిమిది రోజులూ పాప తుమ్మిన పాపాన పోలేదు. పూత అయిపోయేదాకా, రెండు నెలలు, దాన్ని అమ్మమ్మ దగ్గర ఉంచుదామన్నాడు. అక్కడి బడిలో కూర్చోబెట్టుకుంటామన్నారు. మా ఇద్దరికీ సెలవు దొరకదు. రెండు వారాలు చూద్దాం, అప్పటికీ ఇలాగే ఉంటే పంపుదాం అనుకున్నాం. పాప వినదనుకుని అనుకున్నాం.

మర్నాడు బీరువా పక్కన తన పెట్టె తెరిచి ఉంది. గౌన్లు కుక్కేసింది. రంగు పెన్సిళ్లు, ఒకే ఒక బూటు, అడుగున నా పాత చున్నీ.

"ఇది ఎందుకే?" అన్నాను.

"నీ వాసన వస్తుందిగా," అని తుమ్మింది.

ఆ రెండు వారాల్లో ఎలాగైనా కారణం పట్టుకోవాలని నడుం బిగించాను. పరుపుల్లో కంటికి కనబడని దుమ్ము పురుగులే కారణమేమోనని వాటి పని పట్టడం మూడేళ్ల కిందటే మొదలుపెట్టాను. వారానికోసారి దుప్పట్లు, దిండు గలీబులు మరిగే నీళ్లలో ఉతికి, మేడ మీద ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా ఎండలో ఆరేసేదాన్ని. ఎండకు పురుగు బతకదని పుస్తకాల్లో చదివాను, అది నిజం కూడా. ఈ ఏడు దగ్గు తోడైన దగ్గర్నుంచి వారానికోసారి కాస్తా రోజు మార్చి రోజు చేశాను. పాపకు తుమ్ములు పెరిగాయి. పెరిగాయని నేను ఇంకా కసిగా ఉతికాను.

ఇక్కడ దారం సంగతి చెప్పాలి. పాప బడి బట్టలు మాత్రం ఉతకడానికీ ఇస్త్రీకీ ఆవిరత్తకే ఇస్తాం. తిరిగొచ్చినప్పుడు ప్రతి చొక్కా కాలరు లోపల చిన్న నీలం దారం కుట్టు ఉండేది. ఇంకెవరింటి గుర్తో మా బట్టలకు పడుతోందనుకుని, ప్రతి వారం గోళ్ల కత్తెరతో ముక్క కత్తిరించి పారేసేదాన్ని. ఒకసారి కిందికి వెళ్లి గట్టిగానే చెప్పాను.

"అత్తా, ఎవరిదో గుర్తు మా పాప చొక్కాలకి వేస్తున్నారు."

"ఎవరిదో కాదులే, మీ పాపదే," అంది. ఆవిరి లేచింది. ఈవిడకు లెక్క తప్పుతోందనుకుని పైకి వచ్చేశాను.

మేం పెట్టుకున్న గడువుకు పన్నెండు రోజులు మిగిలి ఉండగా మా ఇంట్లో ఇస్త్రీపెట్టె కాలిపోయింది. మేడ మీద నుంచి అప్పుడే తెచ్చిన దుప్పటి, రెండు గలీబులు పట్టుకుని కిందికి దిగాను. ఆవిరత్తకు ఒక అలవాటు. ఏ బట్టనైనా ఇస్త్రీ చేసే ముందు తడిపి పిండిన తెల్లగుడ్డతో ఒకసారి అద్దుతుంది. అద్ది, ఆ గుడ్డ తిప్పి చూసుకుంటుంది. అలాగే చూసుకుంది. ఇస్త్రీపెట్టె మళ్లీ పక్కన పెట్టేసింది.

"ఎక్కడ ఆరేశావమ్మాయ్ దీన్ని?"

"మేడ మీద. మంచి ఎండ కదా అత్తా."

"ఎన్నాళ్లుగా?"

"మూడేళ్లుగా. ఈమధ్య రోజు మార్చి రోజు."

ఆమె తెల్లగుడ్డను నా ముక్కు ముందు పెట్టింది. గుడ్డ నిండా లేత పసుపు చారలు.

"ఇదేంటి?" అన్నాను. అదేంటో నాకు తెలుసు.

"చెట్టు. వీధి చివర దాన్ని వీధి చివరే ఉండనివ్వకుండా, నువ్వు తెచ్చి పిల్ల బుగ్గ కింద పెడుతున్నావు."

"ఎండలో ఆరేస్తే దుమ్ము పురుగులు చస్తాయి అత్తా. దానికోసం..."

"చావనీ. నీ పిల్లని తుమ్మిస్తోంది ఆ చచ్చినవాళ్లు కాదు, పైనుంచి దిగినవాళ్లు."

నేను బల్ల పక్క స్టూలు మీద కూర్చున్నాను. ఆమె నన్ను ఓదార్చలేదు. గలీబు నీళ్లలో పడేసి, చేతులు తుడుచుకుంటూ తన కథ చెప్పింది. కథలా కాదు, పని మధ్యలో పని గురించి చెప్పినట్టే.

పదిహేడేళ్లప్పుడు ఒక హోటల్ లాండ్రీలో చేరింది. నూట ఇరవై మంచాల దుప్పట్లు. కొడుకుకు నాలుగేళ్లు వచ్చాక, పూత నెలల్లో వాడి కళ్లు ఉబ్బిపోయేవి. అత్తగారు పాలు పడట్లేదంది. ఆడపడుచు మట్టిలో ఆడుతున్నాడంది. ఎవరి మాటా కాదనకుండా పాలు మానిపించింది, మట్టీ మానిపించింది. వాడు తుమ్మడం మానలేదు. ఇంట్లో చూసేవాళ్లు లేని రోజు వాణ్ణి పనికి తీసుకెళ్లి ఉతికిన దుప్పట్ల మూటల మీద పడుకోబెట్టేది. వాన రోజుల్లో దుప్పట్లు బాయిలరు గదిలో ఆరేవి. ఆ మూటల మీద వాడు హాయిగా నిద్రపోయేవాడు. ఎండ రోజుల్లో పెరట్లో ఆరిన మూటల మీద పడుకుంటే ఒకటే తుమ్ములు.

"అది అర్థం కావడానికి నాకు రెండేళ్లు పట్టింది," అంది. "నీకు మూడేళ్లు. నువ్వు నాకంటే చదువుకున్నావు కదా, ఆ మాత్రం ఆలస్యం అవుతుందిలే."

సూపర్‌వైజరుకు చెబితే, మా గెస్టులెవరూ తుమ్మలేదే, నీ కొడుకొక్కడే దొర అయ్యాడా అన్నాడట. అప్పటి నుంచి వాడి బట్టలు ఎక్కడ ఉతికినా వంటగదిలోనే ఆరేసింది. హోటలు బట్టల్లో కలిసిపోకుండా నీలం దారం కుట్టింది. ఆ కొడుకు ఇప్పుడు సిటీ బస్సు నడుపుతాడు. ఈ నెలల్లో తన పక్క అద్దం మాత్రం దించడట.

లాండ్రీ పెట్టుకున్నాక ఆ దారం వీధి పిల్లలకు పాకింది. కాలరు దగ్గర, చేతి అంచుల దగ్గర చీమిడి మరకలు చూసి, చొక్కా తెచ్చిన తల్లి మాటలు విని, ఏ పిల్ల తుమ్ముతుందో ఆమె పసిగడుతుంది. ఆ బట్టలకు నీలం దారం. అవి వెనక గదిలోనే ఆరతాయి. వాటికి సెంటు వాసన నీళ్లు చల్లదు. ఉదయమే కిటికీ గట్టు మీద తడిగుడ్డ రాసి చూస్తుంది. గుడ్డ పసుపెక్కిన రోజు నుంచి పూత అయిపోయేదాకా ఆ కిటికీ తెరవదు. ఇప్పుడు అలాంటి పిల్లలు పదకొండు మంది. పదకొండిళ్లలో ఒక్కరికీ ఈ సంగతి తెలియదు.

"ఎవరికీ చెప్పలేదేం అత్తా?"

"చెబితే ఏమంటారు? మా వాడికి రోగమా అని నా మీదకొస్తారు. బట్టలిచ్చినోళ్లకి బట్టలివ్వాలి గాని సలహాలివ్వకూడదు. దుప్పట్లు నువ్వు ఇంట్లోనే ఉతుక్కుంటావాయె, అవి నా కంట పడలేదు."

"ఆ దారం నేను ప్రతి వారం కత్తిరించేశాను."

"తెలుసు. ప్రతి వారం మళ్లీ కుట్టింది ఎవరనుకున్నావు?"

ఆమె మాట నమ్మలేదని కాదు. కొలవకుండా ఊరుకోవడం నాకు చేతకాదు. ఒక గలీబు మేడ మీద, ఒకటి ఆమె వెనక గదిలో ఆరేసి, రెండిటి మీదా అంటుకునే టేపు ముక్కలు ఒత్తి ల్యాబ్‌లో మైక్రోస్కోపు కింద పెట్టాను. గది ముక్క మీద నాలుగు పుప్పొడి రేణువులు. మేడ ముక్క మీద లెక్కపెట్టడం నూట డెబ్బై దగ్గర ఆపేశాను. తర్వాత డైరీ తెరిచాను. పాప తుమ్మని ఉదయాలన్నీ వాన పడి దుప్పట్లు మేడ ఎక్కని రోజుల తర్వాతవే. ఆ ఉదయాల గొప్పంతా నేను వానకే కట్టబెట్టాను. దుప్పటికి నా పట్టికలో గడే లేదు. వైద్యం అనుకుంటున్నదాన్ని జబ్బు కారణాల్లో రాయాలని నాకు తట్టనే లేదు.

ఇస్త్రీపెట్టె కాలిన రోజు నుంచే మా పక్కబట్టలన్నీ ఆమె వెనక గదికే వెళ్లాయి. పాప బయటి నుంచి రాగానే స్నానం, తలకు కూడా. ఉదయం కిటికీలు మూత. మందులు మామూలే. ఈ చివరి మాట మీద ఆవిరత్తకూ నాకూ వాదన అవుతుందేమోనని భయపడ్డాను. ఎందుకంటే దగ్గంతా చల్లనీళ్ల వల్లేనని ఆమెకు గట్టి నమ్మకం, ఎన్ని చెప్పినా వినదు. కానీ మందుల ఊసెత్తగానే, "అది డాక్టరమ్మ పని. బట్ట నా పని," అని తేల్చేసింది.

నాలుగో రోజుకు తుమ్ములు పద్నాలుగు. తొమ్మిదో రోజుకు మూడు. పన్నెండో రోజు ఉదయం పాప లేచి, మంచం మీద కూర్చుని, తుమ్ము కోసం ఎదురుచూసింది. రాలేదు. "అమ్మా, పోయింది," అంది, ఏదో వస్తువు పోగొట్టుకున్నట్టు.

డాక్టరమ్మ వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. పిల్లికూతలు లేవు.

"ఎక్కడ దొరికింది?" అన్నారు.

"దిండు మీద," అన్నాను. "పట్టుకుంది నేను కాదు."

"ఎక్కడికీ పంపక్కర్లేదు. మందు మాత్రం నేను చెప్పేదాకా ఆపొద్దు."

ఇంటికి రాగానే పాప పెట్టె తలకిందులు చేసింది. గౌన్లన్నీ ఇన్ని రోజులు కుక్కి ఉంచినందుకు నలిగి ముద్దయ్యాయి. తనే చేతుల నిండా ఎత్తుకుని మెట్లు దిగి బల్ల మీద పడేసింది. వెనకే నేనూ దిగాను.

"ఏ ఊరెళ్లొచ్చాయే ఇవి, ఇంత నలిగాయి?" అంది ఆవిరత్త.

"ఏ ఊరూ వెళ్లలేదు," అంది పాప, గొప్పగా.

ఆవిరత్త ఒక్కో గౌనుకూ తడిగుడ్డ అద్ది, తిప్పి చూసి, పక్కన పెట్టింది. తర్వాత డబ్బాలోంచి సూది, నీలం దారం ఉండ తీసి, పాపకు కాదు, నాకు అందించింది.

"ఈ వారం నువ్వే కుట్టు. కత్తెర మాత్రం పైన పెట్టి రా."