డబ్బా మీది ఇనుము

మా పేటలో పురుళ్లు పోసి, పిల్లలకు సూదులు వేసిన నర్సమ్మ మంగళవారం పొద్దున్న పోయారు. కబురు విని "అలాగా" అన్నాను. ఆదివారం ఆదివారం చర్చిలో గొంతు చించుకుని ప్రసంగించే మనిషిని.

నేను బడిలో పెద్దగా చదవలేదు. అక్షరం కనబడితే చదివేస్తాను, చదివింది వేదికెక్కి చెప్పేస్తాను. మా అమ్మాయి పురిటికొచ్చిన రోజుల్లో పాలడబ్బా మీద ఇనుము, జింకు అన్న అంకెలు చదివాను. తల్లిపాలలో ఇనుము అంతకన్నా తక్కువని ఎవరో అన్నారు. ఇంకేం, ఆదివారం డబ్బాను చర్చిలో ప్రసంగించే పుల్పిట్ మీద పెట్టి "బిడ్డలకు ఇనుపబలం పట్టండమ్మా!" అని గర్జించాను. ముందు విన్నది మా అమ్మాయే. రొమ్ము మాన్పించింది. నెల తిరక్కుండా పసిదానికి విరేచనాలు పట్టుకుని, ఏడవడానికీ ఓపిక లేకుండా పోయింది.

నర్సమ్మ వచ్చి బిడ్డను చూశారు. తర్వాత నన్ను.

"ఏటండీ బ్రదరుగారూ, డబ్బా సువార్త సెప్పేరంట?"

"అందులో ఇనుము ఎక్కువ కదమ్మా!"

"డబ్బాలో ఎంతుంటే ఏటి, పిల్ల ఒంటికెంత పడతాదో సూడాల. సరిగ్గా పట్టదనే అందులో ఎక్కువేత్తారు. తల్లిపాలల్లో ఉన్నది కొంచెవేఁ, అయినా బాగా పడతాది. ఎడారిలో దేవుడు కురిపించిన తిండి, ఆ మన్నా, ఎక్కువ ఏరుకున్నోడికి ఏటి మిగిలింది? మీకు తెలవదా?"

నేను చెప్పే బైబిలు వాక్యంతోనే నన్ను కొట్టారు.

ఆసుపత్రికి తీసుకెళ్లి బిడ్డ ప్రాణం నిలబెట్టారు. ఆ తర్వాత రోజూ వచ్చి అమ్మాయి పక్కన కూర్చునేవారు. పాలు ఎండిపోయాయని అది ఏడిస్తే, "రొమ్ము పట్టిత్తా ఉండమ్మా, వత్తాయి" అనేవారు. వచ్చాయి.

నన్ను అడిగింది ఒక్కటే. "ఎక్కడ సెప్పేరో అక్కడే దిద్దండి. తల్లి లేని బిడ్డకి డబ్బాయే దిక్కు, ఆళ్లని సిన్నబుచ్చకండి."

రెండు ఆదివారాలు దాటేశాను. మూడోవారం అదే పుల్పిట్ మీద, తల్లిపాలే మేలని దిద్ది చెప్పాను. బయటికొచ్చాక నర్సమ్మ మెచ్చుకుంటారనుకున్నాను.

"ఆరు నెలలు నిండేక పాలొక్కటే సాలవు, చోడి పిండి జావ, గుడ్డు, ఆకుకూర పెట్టమని సెప్పరేటి? సగం ప్రసంగం మింగేసేరు!"

నర్సమ్మను గోతిలోకి దించాక, సమాధుల తోటలో నన్ను మాట్లాడమన్నారు. బైబిలు తెరిచి, మూసేశాను. అందరూ పిడికెడు మట్టి వేశారు. ఆనాటి ఆ పసిదే, ఇప్పుడు నాలుగేళ్ల నా మనవరాలు, రెండు చేతులా తీసి గోతిలోకి విసిరింది. చాలదనుకుందో ఏమో, మళ్లీ వంగింది. జనం గేటు దాటిపోతున్నారు. అది ఇంకా వేస్తూనే ఉంది.