గుడియాత్తం కొండదారిలో రెండు బండ్లు, ఒక ప్లగ్

1994 ఫిబ్రవరి 12, శనివారం. తెల్లవారి ఐదున్నర లోపల అయిన పనులు: కుళాయి నీళ్లు పద్నాలుగు బిందెలు, ఇల్లూ వాకిలీ, ఇడ్లీ రెండు వాయిలు, నలుగురికి పులిహోర, అత్తమ్మకు మాత్రలు విడివిడిగా పొట్లాలు కట్టి పెట్టడం. కానివి: బియ్యం ఏరడం, ఉతికిన బట్టలు మడత పెట్టడం. ఆ రెండూ ఆదివారానికి వాయిదా వేసి, వైరు బుట్ట పట్టుకుని మా ఆయనతో వేలూరు శివారు బాగాయంలో టౌన్ బస్సు ఎక్కాను. మోటారు సైకిలు కొనడానికి ఆడమనిషి ఎందుకని మా అత్తమ్మ అడిగింది. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మాది తరాలుగా కట్టుబడి పని. మా ఆయన మేస్త్రీ. గుడియాత్తానికి ఉత్తరాన, ఆంధ్ర సరిహద్దు వైపు కొండ మీద ఒక చిన్న ఊళ్లో రెండు గదుల బడి కట్టే పని ఆయనకు వచ్చింది. కింద గుడియాత్తంలో ఒక ఇంటి పని కూడా సగంలో ఉంది. రోజూ రెండు చోట్లా కనబడాలి. కొండ మొదలు వరకు తారు రోడ్డు. అక్కడి నుంచి ఐదు కిలోమీటర్లు రాళ్ల దారి, మధ్యలో దాటాల్సిన వాగు, ఒక వంక. లారీ పోదు, జీపు సగం దూరమే పోతుంది. ఇసుకా సిమెంటూ గాడిదల మీద ఎక్కిస్తున్నారు. మా ఆయన మూడు వారాలు నడిచాడు. రెండేళ్ల కిందట పరంజా మీద నుంచి పడినప్పుడు దెబ్బ తిన్న ఎడమ మోకాలు మళ్లీ వాచింది. మేస్త్రీ రోజూ పైకి రాకపోతే పని ఇంకొకరికి ఇస్తామని ఇంజనీరు చెప్పి వెళ్లాడు. సోమవారం పొద్దున ఆయన కొండ మీద ఉండాలి. అంటే శనివారం సాయంత్రానికి బండి తేలాలి.

చూడవలసిన బండ్లు రెండు. రెండూ టూ స్ట్రోకే, రెండూ పాతవే. ఒకటి రెండు సైలెన్సర్ల పెద్ద బండి, రెండువందల యాభై సీసీ. గుడియాత్తంలో మెకానిక్ సెల్వం షెడ్డులో అమ్మకానికి ఉంది. రెండోది నూరు సీసీ చిన్నది. అగ్గిపెట్టెల కంపెనీలో పనిచేసే దేవదానానిది. మా ఆయన మనసు ముందే పెద్దదాని మీద ఉంది. మా అత్తమ్మకు నేను చెప్పిన జవాబు ఇదే: రెండు బండ్లూ ఒకే దారిలో, ఒకే రోజు, ఒకే బరువుతో ఎక్కాలి. ఆ బరువు నేను.

వేలూరు బస్టాండులో ఆరు ఇరవైకి గుడియాత్తం బస్సు. టికెట్టు మనిషికి నాలుగున్నర. వెళ్లేవాళ్లు కుడివైపు కూర్చుంటే మంచిది. విరించిపురం దగ్గర గోపురం, దాని వెనక పాలారు ఇసుక కనిపిస్తాయి. ఏటిలో నీళ్లు లేవు. పళ్లికొండ దగ్గర బస్సు పది నిమిషాలు ఆగింది, అక్కడ టీ బాగుండదు. ఏడూ నలభైకి గుడియాత్తంలో దిగాం.

ముందు దేవదానం ఇంటికి వెళ్లాం. వాకిట్లో రెండో మెట్టు సగానికి పగిలి ఉంది. నేను చూసుకోక తడబడ్డాను.

"పదిలం అక్కా! ఆ మెట్టు మాకు అలవాటైపోయినాది, వచ్చినోళ్లకే కష్టం," అన్నాడు దేవదానం. నలభై ఏళ్లుంటాయి. తెలుగు బాగా మాట్లాడతాడు, చదవడం రాదు. బండి కాగితాలు నా చేతికిచ్చి, అన్నీ ఉన్నాయో లేదో చూడమన్నాడు. ఉన్నాయి.

"బండి బాగుంటే అమ్మేది ఎందుకప్పా?" అని మా ఆయన అడిగాడు.

"ముగ్గురు బిడ్లు, ఆమె, నేను. దీంట్లో ఎవుర్ని ఎక్కించుకునేది, ఎవుర్ని దింపేది? బస్సులో అయితే కొట్లాట ఉండదు నాయనా."

ఈ బండికి ఆయిల్ పంపు విడిగా ఉండేదట. అది చెడిపోతే తీసేసి, ఆయిల్ పెట్రోల్లోనే కలిపేలా చేయించాడు. దగ్గు మందు సీసా మీది కొలత మూత ఒకటి నాకిచ్చాడు. లీటరు పెట్రోలుకు రెండు మూతలు, అంతకు మించి వద్దని రెండుసార్లు చెప్పాడు.

పెట్రోలు బంకులో మూడు లీటర్లు పోయించాం. అర లీటరు ఆయిల్ టిన్ను కొత్తది కొన్నాం. కొలిచి పోయమని మూత మా ఆయనకిచ్చి, నేను ఎదురు కొట్లో అరటిపండ్లు తీసుకోవడానికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి టిన్ను మూత బిగించి నా బుట్టలో పెట్టేశాడు.

ఎనిమిదీ ముప్పావుకు బయలుదేరాం. చిన్నబండి మీద మేమిద్దరం. పెద్దబండి సెల్వం నడుపుతుంటే వెనక దేవదానం. సెల్వం మాటలో తమిళం ఎక్కువ, నవ్వు ఇంకా ఎక్కువ. తారు రోడ్డు అరగంట. కొండ మొదట్లో ఆపి, సెల్వం రెండు బండ్లకూ టైర్లలో గాలి కొంత తీశాడు. రాయి మీద టైరు గట్టిగా ఉంటే ఎగురుతుంది, కొంచెం మెత్తగా ఉంటే రాయిని పట్టుకుంటుందట.

వంక వరకు చిన్నబండి బాగా ఎక్కింది. తేలిక కాబట్టి రాళ్ల మధ్య ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. కానీ ఇంజను నెమ్మదిస్తే బలం పోతుంది. క్లచ్ కొంచెం కొంచెంగా వదులుతూ, యాక్సిలరేటర్ తగ్గకుండా పట్టుకోవాలి. పెద్దబండి దానికి విరుద్ధం. మొదటి గేరులో, ఎద్దు నడిచినట్టు, తొందర లేకుండా లాగుతుంది. మా ఆయన మెడ తిప్పి దాన్నే చూస్తున్నాడు. వంక దాటాక మూడో మలుపులో మా వెనక తెల్లని పొగ దట్టమైంది. బండి రెండుసార్లు దగ్గి నిలిచిపోయింది. ఎన్ని కిక్కులు కొట్టినా అందుకోలేదు.

మా ఆయనకు కోపం వస్తే ముందు గొంతు తగ్గుతుంది.

"ఏమప్పా దేవదానం, ఇంజన్ పోయిండాదని ఇంట్లోనే ఒక మాట చెప్పింటే పోయేది గదా. ఇంత దూరం తెచ్చి చూపించల్లా?"

"అన్నా, నిన్న సాయంత్రం గూడా దీంట్లో పేరణంబట్టు పోయి వచ్చినాను. ఎప్పుడూ ఇట్ల నిల్లేదు."

"ఎప్పుడూ నిల్లేదంటే ఇప్పుడు నిల్చుండేది ఏంది, ఆవా? కాగితాలు చూపించినంత నున్నగా బండి చూపించకపోతివే. మోసం గాకపోతే ఏందిది?"

దేవదానం తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి, దులిపి, మళ్లీ చుట్టుకున్నాడు.

"కొంజం పొరుంగ మేస్త్రీ, ముందు ప్లగ్గు చూద్దాం," అని సెల్వం, ఆగమన్నట్టు చెయ్యి అడ్డం పెట్టి, పానా తీశాడు. బయటికి వచ్చిన ప్లగ్ నల్లగా, తడిగా, ఆయిల్లో ముంచి తీసినట్టుంది. అది చూశాక నేను బుట్టలోని టిన్ను తీసి, ఒక పుల్ల ముంచి చూశాను. మూడు లీటర్లకు ఆరు మూతలు. అంతే పోస్తే టిన్నులో ముక్కాలు వంతు ఉండాలి. పుల్ల సగం దగ్గరే తడిసింది.

"ఏమయ్యా, ఎన్ని మూతలు పోసినావు?"

"పోసినాలే."

"ఎన్ని?"

"లీటరుకు నాలుగు. కొండ ఎక్కేది గదా, రెండైతే పల్చగా ఉంటాదని కొంచెం గట్టిగా కలిపినా. మాలులో సిమెంటు ఎక్కువేస్తే గోడ పడిపోతాదా ఏంది?"

సెల్వం రాయి మీద కూలబడి నవ్వాడు. "అయ్యయ్యో మేస్త్రీ! ఇది గోడ ఇల్లే, గోడ కాదు. ఆయిల్ ఎక్కువైతే దానికి ఊపిరాడదు. మీరు ఇంజన్‌కి పూత పూసినారు!"

ముప్పై ఏళ్లు ఇసుకా సిమెంటూ మాలు కలిపిన చెయ్యి అది. అనుమానం వచ్చిన చోటల్లా ఒక చట్టి సిమెంటు ఎక్కువ వేయడం దానికి అలవాటు. ఆ అలవాటు వల్లే ఆయన కట్టిన గోడ ఇంతవరకు బీటలు వారలేదు. నేను దాన్ని తప్పు పట్టలేదు, బాగు చేయడం ఎలాగో లెక్క వేశాను. ట్యాంకులో ఉన్నదాంట్లో సగం సెల్వం దగ్గరున్న ఖాళీ సీసాలోకి తీయించాను. తీసినంత కొలతకు, అతను డబ్బాలో తెచ్చుకున్న ఉత్త పెట్రోలు పోయించాను. లీటరుకు రెండు మూతలకు వచ్చింది. ప్లగ్ మాత్రం ఎంత తుడిచినా పనికి రాలేదు. సెల్వం దగ్గర ఇంకోటి లేదు. అప్పుడు దేవదానం తన బండి సీటు కింద నుంచి గుడ్డలో చుట్టిన కొత్త ప్లగ్ తీశాడు.

"ఇది బండితో పాటు ఇచ్చేది కాదక్కా, నాది. ఇప్పటికి పెట్టండి," అన్నాడు. మా ఆయన వైపు చూడలేదు. మా ఆయన కూడా వంక వైపు చూస్తున్నాడు.

రెండో కిక్కుకు బండి అందుకుంది. కొంతసేపు పొగ కక్కి, తర్వాత గొంతు తేటపడింది.

అక్కడి నుంచి పైకి మెట్ల మాదిరి బండలు. వెనక మనిషితో ఎక్కడం కుదరదు కాబట్టి, బరువు లెక్క వదిలి నేను దిగి నడిచాను. నడిస్తే రెండు బండ్లూ కనిపిస్తాయి. ఇప్పుడు మా ఆయన పెద్దబండి తీసుకున్నాడు. చిన్నది సెల్వం నడిపాడు. మొదటి రెండు బండలూ పెద్దబండి ఆగకుండా ఎక్కింది. పైనుంచి మా ఆయన అరిచాడు:

"చూసినావా? ఇదీ బండి అంటే! ఇంక మాటే లేదు, దీన్నే తీసుకుందాం."

"మూడో బండ మీద సగంలో ఆపు," అన్నాను.

"ఎందుకు ఆపేది? బాగా పోతా ఉండాది గదా!"

"రోజూ ఆగకుండానే పోతావా? గాడిద ఎదురొస్తే? ఆపి, మళ్లీ తీసి చూపించు. అప్పుడు తీసుకుందాం."

ఆపాడు. ఇంజను కూడా ఆగింది. ఆ బండికి కిక్కరు ఎడమవైపు. వాలులో కుడికాలి మీద బరువంతా మోస్తూ ఎడమ మోకాలు ఎత్తి కొట్టాలి. ఒకసారి కొట్టాడు. రెండోసారి కాలు సగమే లేచింది. బండి పక్కకు ఒరిగింది. సెల్వం, దేవదానం ఇద్దరూ పరుగెత్తి పట్టుకోకపోతే ఆయన మీదే పడేది. దాన్ని నిలబెట్టడానికి ముగ్గురు కావలసి వచ్చింది. ముందుగా వెళ్లి పట్టుకున్నది దేవదానం.

తర్వాత అదే బండ మీద మా ఆయన చేత చిన్నబండిని నడిపించి ఆపించాను. దీనికి కిక్కరు కుడివైపు, మంచి కాలి వైపు. ఒరిగినప్పుడు మా ఆయన ఒక్కడే నడుముతో ఆపుకున్నాడు. మళ్లీ కదిలి ఎక్కడానికి మాత్రం బండి కష్టపడింది. చైను తిప్పే ముందు పళ్లచక్రం, అంటే స్ప్రాకెట్, ఒక పన్ను తక్కువది వేస్తే ఎక్కడానికి బలం వస్తుందని, తారు రోడ్డు మీద వేగం కొంత తగ్గుతుందని సెల్వం చెప్పాడు. మా ఆయన వంగి ఎడమ మోకాలు రుద్దుకున్నాడు. చివరికి, "పెద్దది పోతా ఉంటే బాగుండాది. నిల్చుంటే నా వల్ల గాదు," అన్నాడు. మోకాలి సంగతి ఆయన నోటి నుంచి వినడం రెండేళ్లలో అదే మొదలు.

పదకొండున్నరకు పైన ఊరు చేరాం. బడి గోడలు కిటికీల ఎత్తుకు లేచి ఉన్నాయి. వాటి నీడలో నలుగురం పులిహోర తిన్నాం. ఒకావిడ చెంబుతో మజ్జిగ తెచ్చి, "ఆడోళ్లు బండి పరీచ్చకు వచ్చేది ఈడనే చూస్తా ఉండా!" అంది. దిగడం ఎక్కడం కన్నా జాగ్రత్త పని. మొదటి గేరులో, ఇంజను పట్టు మీదే రావాలి. మూడింటికి షెడ్డులో ఉన్నాం. చిన్నబండికి అడిగిన ధరే ఇచ్చాం. స్ప్రాకెట్ సెల్వం ఆదివారం మార్చాడు. సోమవారం ఎనిమిదింటికి మా ఆయన కొండ మీద ఉన్నాడు.

ఇలాంటి దారికి బండి చూసేవాళ్లు ఎక్కువగా అది ఎలా పోతుందో చూస్తారు. పోయేటప్పుడు ఏ బండైనా బాగానే ఉంటుంది. వాలులో నిలిచిపోయినప్పుడు నడిపే మనిషి తన కాలితో, తన నడుముతో దాన్ని ఆపుకోగలడా, మళ్లీ తీయగలడా అన్నదే నేను చూడాలనుకున్నది. పెద్దబండి చెడ్డది కాదు. రెండు మోకాళ్లూ బాగున్నవాళ్లకు ఆ దారిలో అదే సుఖమేమో. ఇంకొకటి, బండి నిలిచినప్పుడు ముందు మన చేత్తో పోసింది చూసుకుని, తర్వాత అమ్మినవాణ్ణి అడగాలి. మేం ఆ వరస తప్పాం.

వెళ్లేవాళ్లకు ఒక్కటే సలహా: ఆయిల్ కొలత మూతను టిన్నుకు దారంతో కట్టి ఉంచండి, ఒక కొత్త ప్లగ్ గుడ్డలో చుట్టి సీటు కింద పెట్టుకోండి.

ఫిబ్రవరి 19, శనివారం. దేవదానానికి మా బాకీ రెండు: ఒక ప్లగ్, ఒక మాట. ప్లగ్ వేలూరులో కొని మా ఆయన చేతికిచ్చి పంపాను. మాట ఆయన నోట రాదని నాకు తెలుసు. రాత్రి వచ్చినప్పుడు మోచేతుల వరకు సిమెంటు ఉంది. దేవదానం వాకిట్లో పగిలిన మెట్టు కొట్టేసి కొత్తది కట్టి వచ్చాడట. మాలు ఎలా కలిపావని అడిగాను. గట్టిగానే కలిపానన్నాడు. రెండూ చెల్లు.