నేను రాసిన పేజీకి నాకే పర్మిషన్ లేదు

ముంబైలో, మందుల దుకాణాలకు సరుకు పంపే కంపెనీలో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాను. ఆర్డర్లు తీసుకునే కంప్యూటర్ సిస్టమ్ ఎక్కడైనా ఆగితే, దాన్ని నడిపించడం తెలిసినవాళ్లకు ఫోన్ చేయాలి. వాళ్లు లోకల్ ట్రైన్‌లో ఉంటే అంతే సంగతులు. ఏది ఆగితే ఏం చేయాలో అంతా కంపెనీ వెబ్‌పేజీల్లో ఒకేచోట రాసి పెడదామని, ఎవరైనా తెరిచి చూసుకునేలా ఉండాలని మీటింగులో అన్నది నేనే. మేనేజరు మంచిదన్నాడు. రాసే పనీ నాకే అంటగట్టాడు.

వానాకాలమంతా ఒక్కొక్కరి పక్కన కూర్చుని, వాళ్లు చెప్పింది స్వయంగా చేసి చూసి రాశాను. కామాటిపురాలో మాది చాల్, అంటే వరసగా ఒంటి గదులుండే పాత భవనం; మా గదిలో టేబుల్ పట్టదు. ఆదివారాలు గది ముందు గ్యాలరీలో పీట మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆ పేజీలే దిద్దేదాన్ని.

దీపావళి ముందు ఒక ఆదివారం మధ్యాహ్నం ఆర్డర్లు ఆగిపోయాయి. ఇంటినుంచి చూసే డ్యూటీ ఆరోజు నాది. పేజీ తెరిస్తే, చూడటానికి మీకు అనుమతి లేదని వచ్చింది. మేనేజరుకు ఫోన్ చేశాను. కాంట్రాక్టు వాళ్లకు ఆ పేజీలు మూసేశామని, అంతా భద్రత కోసమేనని తాపీగా హిందీలో చెప్పాడు.

"నువ్వే రాశావు కదా, గుర్తుండదా?" అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. పర్మనెంట్ ఉద్యోగిని ఒకామె దాదర్‌లో బంధువుల పెళ్లిలో ఉంటే ఆమెకు ఫోన్ చేశాను. పెళ్లి మేళం మధ్య నిలబడి, తన ఫోన్‌లో పేజీ తెరిచి, నా వాక్యాలు నాకే చదివి వినిపించింది. సాయంత్రానికి సిస్టమ్ లేచింది.

పక్కనే బియ్యం ఏరుతున్న అమ్మ అంతా విన్నది.

"నువ్వు వండిన బువ్వ నీకే పెట్టరా? గిదేం కత బిడ్డా?" అన్నది.

సోమవారం అందరి ముందే మేనేజరును అడిగాను, రాసేటప్పుడు లేని భద్రత చదివేటప్పుడు ఎక్కడినుంచి వచ్చిందని. పైవాళ్ల రూలన్నాడు.

"అయితే మిగతా పేజీలు కూడా పైవాళ్లనే రాయమనండి" అని రాయడం ఆపేశాను. తక్కిన కాంట్రాక్టు వాళ్లూ రాయడానికి ఒప్పుకోలేదు. పెళ్లిలోంచి చదివి వినిపించినామె మా తరఫున పైకి మెయిల్ పెట్టింది.

కొన్నాళ్లకు చదవడానికి తెరిచారు. దిద్దడానికి మాత్రం ఇప్పటికీ అనుమతి లేదు. తప్పు కనబడినా, పని చేసే పద్ధతి మారినా మేనేజరుకు మెయిల్ పెట్టాలట. పెడుతూనే ఉన్నాను, పేజీ మారదు. మొన్న ఒక కొత్తమ్మాయి పేజీలో అలాగే ఉండిపోయిన పాత పద్ధతే చదివి చేసింది, పని చెడింది. పేజీ సరిగ్గా రాయలేదన్న మాట నాకే వచ్చింది.