చంకల కింద పాత లుంగీలు

నాకు అక్షరాలు సగం సగమే వస్తయి. నేను చెప్తున్న, మా చర్చి సంఘంల ఒక అక్క రాస్తున్నది.

మా ఆయన పోయినంక ఉప్పుగూడల మరిది ఇంటి మీది అర్రల ఉంటున్న. ఎండకాలం బాత్రూంల జారిపడి తుంటి విరిగింది. రాడ్డేసి పంపిన్రు. పట్టుకొని నడిపిస్తే నడుస్తదన్నడు డాక్టరు. పట్టుకునేటోళ్లేరి? ఇంటి బయటికెల్లి ఇనుప మెట్లు, మనిషి పక్కన మనిషి పట్టడు. ఆస్పత్రికెల్లి తెచ్చిన దినం మరిది, ఆయన దోస్తులు నన్ను చంకలు పట్టి గుంజుకొచ్చి మంచం మీదేసిన్రు. మస్తు రోజులు చంకలు నొచ్చినయి. దించుడు మాట మళ్ల ఎవ్వరు ఎత్తలే. బువ్వ గిన్నెలు పైకొస్తయి, కడగనీకి కిందికి పోతయి. గిన్నెలకున్న దారి నాకు లేకపాయె.

సమాధుల పండుగ దగ్గరికొచ్చింది. ఆ దినం మా క్రైస్తవులు సమాధులకు సున్నమేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు ముట్టిస్తరు. ఆయన పోయినంక ఇదే మొదటిది. పెండ్లాం బతికుండంగ ఆయన రాతికి వేరేటోళ్లు సున్నమేసుడేంది? నాకున్న కోరిక అదొక్కటే. మరిదినడిగిన.

"కొవ్వొత్తి నేను ముట్టిస్త గదా వదినా, నీకేంది ఫికర్? మెట్ల మీద పడితే మళ్ల ఆస్పత్రి లొల్లి ఎవరు పడాలె?" అన్నడు.

బేస్తారం బేస్తారం సంఘం ఆడోళ్లు నా అర్రకు వస్తరు. పాడతరు, నా కాలు కోసం ప్రార్థన చేస్తరు, చాయ్ తాగి మెట్లు దిగి పోతరు. ఒక బేస్తారం పాస్టరమ్మ, ప్రవక్తను బురద బాయిల దింపిన కథ చదివింది. చిన్నప్పటి సంది వింటున్న కథే. ఎప్పుడు విన్నా బురద గురించే చెప్తరు.

"మరి తీసినోడెవరు అమ్మగారు?" అన్న.

ఆమె వేలు పెట్టి చూసింది. "రాజు కొలువుల ఉండే కూషు మనిషి. కూషంటే ఐగుప్తుకు, అదే ఈజిప్టుకు కింద, ఇప్పటి సూడాన్ దిక్కు."

"నల్లోళ్లా?"

"నల్లోళ్లే."

"అంటే మా కింద అర్రల కిరాయికున్న పిల్ల అసొంటోళ్లు!"

ఒకామె చాయ్ పొలమారేటట్టు నవ్వింది. "అక్కా, ఆ హబ్షీ పిల్లను పట్కపోయి బైబిల్లకు ఎక్కిస్తున్నవా?"

"నేనెక్కిచ్చుడేంది? మనకంటే ముందుగాల్నే ఎక్కి కూసున్నరు గదా!"

పాస్టరమ్మ ఇంకా చదివింది. ఆ మనిషి ఉత్త తాడు ఇడువలేదంట. పాత చింపిరి బట్టలు ఏరుకొచ్చి లోపలికి దింపి, ఇవి చంకల కింద పెట్టుకో, దాని మీద తాడు పట్టుకో అన్నడంట. నాకు నా చంకలు యాదికొచ్చినయి. ప్రవక్తను బయటికి తీస్తనని రాజు ముంగట నిలబడి మాట్లాడుడు పెద్ద పనే, కాదనను. గాని తాడు కోసుకపోతదని ఆలోచన చేసినోడు ఆయనొక్కడే.

కింద అర్రల పిల్లది సూడాన్ దేశమే, ముస్లిం పిల్ల, మందుల చదువు చదువుతది. బట్టలారేయనీకి మీదికొచ్చినప్పుడల్లా "సలాం అమ్మా, ఖానా ఖాయే?" అంటది. తెల్లారి ఆమెను పిలిచి, వచ్చీరాని హిందీల ఆ కథ చెప్పిన. నోరు తెరిసి వింది.

"మా దేశపోడా? మీ కితాబ్‌లనా?" అని పకపక నవ్వింది. నవ్వాపి మెట్ల దిక్కు చూసింది. "ఆప్‌కో భీ నికాలూఁ?" అన్నది, నిన్ను గూడ బయటికి తియ్యాల్నా అని.

పండుగ పొద్దున వచ్చింది. నేనే చెప్పిన, పెట్టెల మా ఆయన పాత లుంగీలున్నయి తియ్యమని. రెండు మడతేసి నా చంకల కింద పెట్టింది, ఇంకోటి రొమ్ము చుట్టు తిప్పి కొసలు ఎనకకెల్లి పట్టుకున్నది. నేను మెట్టు మీద కూసొని కిందికి జరుగుత, ఆమె పై మెట్టు మీద కొసలు బిగిస్తది. ఇనుము సల్లగ తగిలింది. సగం దిగినంక నా యారాలు, మరిది పెండ్లాం, బయటికొచ్చి నోటికి కొంగడ్డం పెట్టుకున్నది.

"అయ్యో అక్కా! పడితే ఎవరిది జిమ్మ?"

"నాదే జిమ్మ, నువ్వు పక్కకు జరుగు."

ఆటోల పోయినం. పక్క సమాధి మీద కూసొని సున్నమేసిన. నా చెయ్యి అందని కాడ ఆ పిల్ల వేసింది. చూసేటోళ్లు చూసిన్రు. కొవ్వొత్తి నేనే ముట్టిచ్చిన.

తిరిగొచ్చేసరికి మరిది వాకిట్ల నిలబడి ఉన్నడు, పక్కన దోస్తులు.

"రూం ఖాలీ కర్ దో," అన్నడు ఆ పిల్లతోని. పిల్ల మొఖం మాడిపోయింది. నా దిక్కు తిరిగి, "పా వదినా, పైకెక్కిస్తం," అన్నడు. దించనీకి దొరకని మనుషులు ఎక్కియ్యనీకి మాత్రం తయారుగున్నరు.

ప్రవక్త గూడ బాయిలకెల్లి బయట పడ్డంక ఇంటికి పోలేదంట, జైలు వాకిట్లనే ఉన్నడంట. నాది గూడ గంతే. వాకిట్ల మంచమేయించుకున్న, ఆ పిల్ల తలుపు ముంగటనే. కాలేజీకి పోయేటప్పుడు ఆమె కోసం కాళ్లు ముడుసుకుంట. ఆమె సామాను బయటెయ్యాలంటే మాత్రం ముందు నన్ను ఎత్తాలె.

ఎత్తేటట్టుంటే లుంగీలు చంకల కింద పెట్టి ఎత్తమని మరిదికి చెప్పిన. ఇంకా ఎత్తలే.